నిమ్మగింజ మూట కట్టకండి, దబ్బకాయ పాఠం పంపండి

ఇది కొంచెం పొడుగు రాత. తీరిక దొరికినప్పుడే చదవండి. కానీ అమెరికాకో ఇంగ్లండుకో పోయేవాళ్ళు పెట్టెలు సర్దేలోపల మాత్రం తప్పకుండా చదవండి.

ఉగాది దాటిందంటే మన చోరనూరు సంఘంలో కొన్ని ఇళ్ళకు తాళాలు పడతాయి. పిల్లల దగ్గరికి పోయేవాళ్ళు పోతారు. కారప్పొడి, ఉలవలు, ఊరగాయ జాడీలతోపాటు ఈమధ్య ఇంకొక మూట కూడా పోతోంది. తడిగుడ్డలో చుట్టిన నిమ్మగింజలు, కవర్లో దాచిన కరివేపాకు పిలక, ఒక్కోసారి కాగితంలో చుట్టిన నిమ్మకొమ్మ. "అక్కడ మంచు పడుతుంది కదా, చలికి తట్టుకునే నిమ్మ ఏది?" అని మన గ్రూపులో నలుగురైదుగురు అడిగారు. వచ్చిన జవాబుల్లో ఎక్కువ ఒకటే మాట: "ఏ గింజైనా వెయ్యండి, అక్కడి నేలకు అదే అలవాటు పడుతుంది."

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. అలవాటు పడదు. మన గింజ అక్కడ బతకదు, బతికించాలని దొంగతనంగా తీసుకపోవడం తప్పు, తీసుకపోవలసిన అవసరం కూడా లేదు. చలిదేశానికి పనికొచ్చే నిమ్మజాతి చెట్లు అక్కడే ఉన్నాయి. మనం పంపవలసింది వేరే ఉంది. ఒక్కొక్కటే చెబుతాం.

మొదట అలవాటు సంగతి. సండూరు కొండల కింద ఎంత చలి పెట్టినా బిందెలో నీళ్ళు గడ్డకట్టవు. మన కాగితపు నిమ్మ అలాంటి నేలకు పుట్టిన చెట్టు. సున్నాకు రెండు మూడు డిగ్రీలు కిందికి పోతే చాలు, ఆకులో నీళ్ళు మంచు ముక్కలై కణాలు చితికిపోతాయి. తెల్లారేసరికి చెట్టు వేడినీళ్ళు పోసినట్టు మాడిపోతుంది. చీనీచెట్టు ఇంకో రెండు డిగ్రీలు ఓర్చుకుంటుంది, అంతే. చలి మెల్లగా ముదిరితే ఏ చెట్టయినా కొంత గట్టిపడుతుంది, నిజమే. ఆ గట్టితనానికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు పుట్టుకతో వచ్చేది, కుండీ మార్చినంత మాత్రాన మారేది కాదు.

"గింజ అక్కడే మొలిస్తే అక్కడి బిడ్డే కదా?" అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. నిమ్మగింజ నాటితే ఒక్క గింజలోంచి రెండు మూడు మొలకలు రావడం మనమందరం చూసిందే. వాటిలో ఎక్కువ భాగం తల్లిచెట్టు కణాల నుంచి నేరుగా పుట్టినవి. అంటే తల్లికి నకళ్ళు. మొలిచింది న్యూజెర్సీలో అయినా, దాని ఒంట్లో ఉన్నది చోరనూరు పెరటి నిమ్మే. చలి గురించి తల్లికి తెలియనిది బిడ్డకూ తెలియదు.

చలి ఎంత ఉంటుందో ఒక లెక్క చెబుతాం. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. అది వేడి ఊరని పేరు. అక్కడి విమానాశ్రయంలో 2021 ఫిబ్రవరి 16న చలి మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. ఏడాదిలో మూడువందల రోజులు బాగా ఉండి, ఒక్క రాత్రి అలా వస్తే చాలు. చెట్టును చంపేది ఏడాది సగటు కాదు, ఆ ఒక్క రాత్రి.

మరి చలిని తట్టుకునే నిమ్మజాతి లేదా? ఉంది. చైనాలో పుట్టిన మూడాకుల నారింజ. మారేడు దళంలా ఒక్కో ఆకు మూడు రెక్కలుగా ఉంటుంది. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు దాన్ని మారేడు వర్గంలోనే చేర్చారు. మారేడు, వెలగ, కరివేపాకు, నిమ్మ అన్నీ ఒకే పెద్ద కుటుంబం. ఈ మూడాకుల చెట్టు చలికాలం రాగానే ఆకులన్నీ రాల్చి మోడుగా నిద్రపోతుంది. మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా చావకుండా నిలబడుతుంది. కాకపోతే కాయ నోట్లో పెట్టలేం. చేదు, దానిమీద ఒక జిగురు.

దీనికీ తీపి నారింజకూ పెళ్ళి చేస్తే ఎలా ఉంటుందని అమెరికావాళ్ళు ప్రయత్నించారు. దానికి కారణం ఒక కష్టం. 1894 డిసెంబరులో ఒకసారి, 1895 ఫిబ్రవరిలో ఇంకోసారి ఫ్లోరిడా మీద మంచు విరుచుకుపడింది. మొదటి దెబ్బకు కాయ పోయింది. తర్వాత కొంచెం వెచ్చబడి చెట్లు చిగురు వేశాయి. ఆ లేతచిగురు మీద రెండో దెబ్బ పడి చెట్లు మొదలంటా పోయాయి. తోటలు అమ్ముకోవడానికి కూడా లేక వదిలేసి పోయినవాళ్ళున్నారు. అప్పుడు అక్కడి వ్యవసాయ శాఖలో వాల్టర్ స్వింగిల్, హెర్బర్ట్ వెబ్బర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తీపి నారింజను మూడాకుల నారింజతో సంకరం చేశారు. ఆ బిడ్డలకు సిట్రేంజ్ అని పేరు పెట్టారు. తర్వాత 1909లో స్వింగిల్ సిట్రేంజ్‌ను కుంకాట్ అనే చిన్న నారింజతో మళ్ళీ కలిపాడు. దాని సంతానంలో ఒకటి జార్జియా రాష్ట్రంలోని థామస్‌విల్‌లో కాసింది కాబట్టి దానికి ఆ ఊరి పేరే నిలిచింది. పుల్లగా, రసంగా ఉంటుంది, నిమ్మకాయ బదులు పిండుకోవచ్చు.

ఈ సంకరాల కథలో మాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. సిట్రేంజ్‌లో ఎక్కువ రకాలు తినడానికి పనికిరాలేదు. చలికి ఓర్చుకున్నాయి గానీ తండ్రి చేదు పోలేదు. ఆ పని ఓడిపోయిందనే అనుకున్నారు. కానీ వాటి వేరు గట్టిది. ట్రిస్టీజా అనే వైరస్ రోగం ప్రపంచంలో తోటలను నాశనం చేస్తున్నప్పుడు కరిజో, ట్రోయర్ అనే సిట్రేంజ్‌ల వేరు మీద అంటుకట్టిన చెట్లు నిలబడ్డాయి. పంపరపనస జాతి గ్రేప్‌ఫ్రూట్‌తో కలిపి చేసిన ఇంకో సంకరానికి స్వింగిల్ పేరే పెట్టి 1974లో విడుదల చేశారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో తీపి నారింజ కాసేది ఇలాంటి వేళ్ళ మీదే. పళ్ళెంలోకి పనికిరానిది పాదులోకి పనికొచ్చింది.

"అదంతా సంకరం, మన నిమ్మ కాదు కదా" అనేవాళ్ళకు ఒక మాట. మన నిమ్మ కూడా సంకరమే. జన్యువులు చదివి చెప్పారు, మాదీఫలానికీ ఫిలిప్పీన్స్ వైపు ఉండే ఒక అడవి జాతికీ పుట్టింది మన కాగితపు నిమ్మ. తీపి నారింజలో పంపరపనసా ఉంది, కమలా ఉంది. పంజాబులో పండే కిన్నో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. కింగ్, విల్లోలీఫ్ అనే రెండు కమలాలను కలిపి, ఆ రెండు పేర్లు కలిపే కిన్నో అన్నారు. కలిపినాయన పేరు ఫ్రాస్ట్, అంటే గడ్డకట్టే మంచు! ఈరోజు కిన్నో రసం తాగేటప్పుడు ఎవరూ పరాయిదని పక్కన పెట్టడం లేదు. అనంతపురం చీనీ పేరులోనే చీనా దేశం వినబడుతోంది. నిమ్మజాతి మొత్తం ఊళ్ళు మారుతూ, కలుస్తూ వచ్చిందే. ఎక్కడిది అన్నదానికంటే ఎక్కడ బతుకుతుంది అన్నదే ముఖ్యం.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వస్తాం. మూటలో పోయేది గింజా కొమ్మా మాత్రమే కాదు. కంటికి కనబడని రోగం కూడా పోతుంది.

మేయర్ నిమ్మ అని ఒకటుంది. ఫ్రాంక్ మేయర్ అనే ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు 1908లో పెకింగ్ దగ్గర కుండీల్లో చూసి అమెరికాకు తెచ్చాడు. చలికి కొంచెం ఓర్చుకుంటుంది, పులుపు తక్కువ, రసం ఎక్కువ. ఇంటింటా నాటుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత తేలింది ఏమంటే, ఆ చెట్లు తాము ఆరోగ్యంగా కనబడుతూనే ట్రిస్టీజా వైరస్‌ను ఒంట్లో మోస్తున్నాయి. కాలిఫోర్నియాలో వాటిని పీకించారు. రోగం లేని మొక్కను వెతికి పెంచి 1975లో మళ్ళీ ఇచ్చారు. ప్రభుత్వం తరఫున, చదువుకున్న మనిషి తెచ్చిన మొక్కకే ఈ గతి పట్టింది. మన పెట్టెలో బట్టల మధ్య పోయే కొమ్మకు ఎవరు పూచీ?

ఇంకా పెద్దది గ్రీనింగ్ రోగం. ఒక చిన్న పురుగు ఆకురసం పీల్చుతూ చెట్టు నుంచి చెట్టుకు అంటిస్తుంది. కాయ వంకరపోతుంది, చేదెక్కుతుంది, చెట్టు కొన్నేళ్ళలో చస్తుంది. మందు లేదు. ఆ పురుగుకు కరివేపాకు చెట్టు చాలా ఇష్టం. మన దేశంలో ఆ పురుగూ ఉంది, ఆ రోగమూ ఉంది. కొడగు కమలా తోటలు దెబ్బతినడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఫ్లోరిడాలో పురుగు 1998లో కనబడింది, రోగం 2005లో బయటపడింది. 2003-04లో 24 కోట్ల 20 లక్షల పెట్టెల నారింజ పండిన రాష్ట్రంలో 2022-23 నాటికి పంట 1 కోటి 60 లక్షల పెట్టెలకు దిగింది. మధ్యలో తుఫానులు కూడా కొట్టాయి, కానీ నడుం విరిచింది ఈ రోగమే. కాలిఫోర్నియాలో అది మొదట దొరికింది పెద్ద తోటలో కాదు. 2012లో లాస్ ఏంజెలెస్ దగ్గర హసియెండా హైట్స్‌లో ఒక ఇంటి పెరటి చెట్టులో. పెరటి చెట్టులో, అమ్మా! మన పిల్లల ఇళ్ళలాంటి ఇంట్లో.

అందుకే అక్కడి చట్టం అంత గట్టిగా ఉంది. పచ్చి కరివేపాకు, నిమ్మజాతి మొక్కలు, కొమ్మలు మనలాంటి ప్రయాణికుల సామానులో అమెరికాకు రానివ్వరు. ఇంగ్లండు, యూరపు దేశాలు కూడా నిమ్మజాతి మొక్కలను ఇలా తెచ్చుకోనివ్వవు. ఉన్నది చెప్పి అప్పగిస్తే తీసుకుని పంపిస్తారు. దాచి దొరికితే జరిమానా. మన సంఘంలో ఒక పెద్దమ్మ ఆ తనిఖీ బల్ల దగ్గర గంటసేపు నిలబడింది, మనవడికి వంట చేసిపెట్టాలని పోయిన మనిషి దొంగలా తలవంచుకుంది. ఆవిడకు ఆ బాధ ఇంకా తీరలేదు. "ఆకే కదా" అనుకుని పోయింది. సరుకు ఒకటి, చీటీలో రాసింది ఇంకొకటి అయితే ఏమవుతుందో పార్సిల్ ఆఫీసులో ఏళ్ళ తరబడి చూసినవాళ్ళం మేము. సరుకు చిన్నదా పెద్దదా అని ఎవరూ అడగరు.

మరి పిల్లలకు పెరట్లో ఒక పులుపు చెట్టు కావాలనే ఆశ తప్పా? కాదు. ఆశ మంచిదే. దారి మార్చమంటున్నాం.

అక్కడ దగ్గరలో ఉన్న, అనుమతి గల నర్సరీలో అంటుమొక్క కొనమనండి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి నిమ్మమొక్కలు పంపడానికి కూడా అక్కడ అడ్డంకులున్నాయి, కాబట్టి ఉన్న ఊళ్ళోనే అడగడం మంచిది. చలి కొంచెమే ఉండే చోట సత్సుమా అనే జపాను కమలా నేలలో పెట్టొచ్చు, బాగా నాటుకున్న చెట్టు మైనస్ 8 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. యూజు దానికంటే ఇంకొంచెం గట్టిది. థామస్‌విల్ రకం దొరికితే నిమ్మకు బదులు. మేయర్ నిమ్మ, కుంకాట్ కుండీల్లో బాగా వస్తాయి. న్యూజెర్సీలాంటి చోట్ల ఏదైనా కుండీలోనే పెంచి చలికాలం లోపలికి తెచ్చుకోవాలి. నేలలో పెడితే దక్షిణం వైపు గోడను ఆనించి పెట్టాలి. పగలంతా ఎండ పట్టిన గోడ రాత్రి కొంత వేడి వదులుతుంది. గట్టి మంచు వస్తుందని తెలిసిన రాత్రి దుప్పటి కప్పాలి. చలికాలంలో నీళ్ళు తగ్గించాలి. మనలాగా రోజూ చెంబెడు పోస్తే వేరు కుళ్ళుతుంది.

ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకోండి. అంటు కట్టిన చోటికి కింద నుంచి మూడాకుల చిగురు వస్తే వెంటనే గిల్లేయాలి. అది వేరు తాలూకు మూడాకుల నారింజ. "ఎంత బాగా పెరుగుతోందో" అని మురిసి వదిలేస్తే, పైనున్న మంచి కొమ్మను ఎండగట్టి అదే చెట్టయి కూర్చుంటుంది. తర్వాత కాయ చేదని నర్సరీవాడిని తిట్టి లాభం లేదు.

ఇక్కడే మనం పంపవలసింది ఏమిటో చెబుతాం. అక్కడ దొరికే ఈ చలి రకాల్లో కొన్ని మన నిమ్మలా ఉండవు. యూజు చూడండి, తోలు మందం, గింజలు ఎక్కువ, రసం తక్కువ, వాసన మాత్రం ఇల్లంతా. పిల్లలు ఒకటి కోసి, "ఇందులో ఏముంది, పారేయండి" అంటారు. వాళ్ళకు తెలియదు. మనకు తెలుసు, ఎందుకంటే అలాంటి కాయ మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. దబ్బకాయ! తమిళ మీడియంలో చదివిన మాకు మొదట నోటికొచ్చిన పేరు నార్తంగాయ్. ఇక్కడి కన్నడంవాళ్ళు హెరళెకాయి అంటారు. మూడు భాషలవాళ్ళూ ఆ చేదుకు భయపడలేదు. ఉప్పు పట్టించి, జాడీలో ఊరనిచ్చి, ఎండలో పెట్టి, మళ్ళీ ఆ ఊటలోనే వేసి, మళ్ళీ ఎండబెట్టి, ఏడాదంతా పెరుగన్నంలోకి దాచుకున్నారు. రసం పిండి పులిహోర కలిపారు. జ్వరం వచ్చి నోరు చప్పబడితే ఒక ముక్క నాలుక మీద పెట్టారు. జపానులో క్యుషు దీవివాళ్ళు కూడా యూజు తోలును పచ్చిమిరపకాయ, ఉప్పుతో నూరి ఊరబెట్టుకుంటారు. వాళ్ళ ఊరగాయ మన ఊరగాయకు చిన్నాన్న కొడుకులాంటిదే.

కాబట్టి అక్కడ కరువు చెట్టుకు కాదు. ఆ కాయను ఏం చేయాలో చెప్పే మనిషికి. ఆ పాఠానికి వీసా అక్కర్లేదు, ఏ తనిఖీ బల్ల మీదా దాన్ని ఆపరు. కానీ అది మనలో ఎంతమంది దగ్గర ఉంది? దబ్బకాయ తోలు ఎంత మందం కోయాలి, ఎన్ని కాయలకు ఎంత ఉప్పు, ఎన్ని రోజుల ఎండ, మబ్బు పడితే ఏం చేయాలి, ఇవన్నీ చేత్తో తెలిసినవాళ్ళు మన సంఘంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. అందరూ డెబ్బై దాటినవాళ్ళు. గింజలను తడిగుడ్డలో చుట్టి కాపాడుతున్నాం. వాళ్ళ మాటను మాత్రం ఎవరూ ఒక కాగితం మీదైనా రాయడం లేదు.

ఇంకో చిత్రం. మంచు పడే ఊళ్ళో నిమ్మ ఎలా బతికించాలని ఇంత అడుగుతున్నాం కదా, మంచే పడని చోరనూరులో దబ్బచెట్టు ఉన్న పెరళ్ళు ఎన్ని? ఇల్లు పెద్దది చేసినప్పుడు ముందు కొట్టేసేది దాన్నే. ముల్లు గుచ్చుకుంటుందని, కాయ ఎవరూ తినడం లేదని. ఇక్కడ దానికి దుప్పటి కప్పనక్కర్లేదు, లోపలికి మోయనక్కర్లేదు. ఒక మూల చోటు, వేసవిలో రెండు బిందెల నీళ్ళు చాలు.

అందువల్ల సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాం.

ఒకటి, ఈ ఏడాది ప్రయాణం కట్టేవాళ్ళెవరూ నిమ్మగింజ, కొమ్మ, పచ్చి కరివేపాకు తీసుకపోవద్దని సంఘం తరఫున ఒక మాట అనుకుందాం. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, తనిఖీ బల్ల దగ్గర మన పెద్దవాళ్ళు మళ్ళీ తలవంచకుండా ఉండడానికి.

రెండు, దబ్బకాయ ఊరగాయ, ఎండు దబ్బ, దబ్బ పులిహోర తెలిసిన పెద్దమ్మల దగ్గర కూర్చుని ఎవరైనా రాసిపెట్టాలి. ఫోనులో వాళ్ళ గొంతు కూడా పట్టుకోవాలి. చేతివాటం రాతలో దొరకదు, గొంతులో కొంచెం దొరుకుతుంది. రాయడానికి మేము సిద్ధం, మా చేతిరాత ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.

మూడు, వానలు మొదలవగానే పెరడు ఉన్న ప్రతి ఇంట్లో ఒక దబ్బమొక్క. చోటు లేనివాళ్ళు సంఘం స్థలంలో, గుడి దగ్గర పెట్టొచ్చు. సెలవులకు వచ్చిన మనవళ్ళకు ఆ కాయ కోసి, ఉప్పు పట్టించే పని వాళ్ళ చేతే చేయించండి. అక్కడికి పోయాక నర్సరీలో ఏ పుల్లటి కాయ కనబడినా వాళ్ళ చేతికి పని తెలిసి ఉంటుంది.

ఒప్పుకోనివాళ్ళు ఉంటే ఇక్కడే రాయండి, జవాబు చెబుతాం. ఎవరి పెరట్లోనైనా ముదురు దబ్బచెట్టు ఉంటే ముందు ఆ సంగతి రాయండి. మొక్కలు కట్టడానికి అదే కావాలి.